మొలతాడు కట్టిన ఏడు

కిం థోవా మొదటిసారి మా ఆదివారం సంతకు వచ్చి అడిగిన మాటకి అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

మా సంత సైగాన్‌లో, ఫు న్యువన్ కాలువ పక్కనున్న ఒక కాఫీ కొట్టు పెరట్లో జరుగుతుంది. పొద్దున్నే గుడ్డలు పరిచి పాత వాచీలు, పాత పెన్నులు, కెమెరాలు పెడతారు. ఎండ నెత్తికెక్కే వేళకి మూటలు కట్టేస్తారు. నేను కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి. ముప్పై ఏళ్ళుగా పాత వాచీలు కొంటున్నాను. కొత్తగా ఈ పిచ్చి పట్టినవాళ్ళు ఏది కొనాలన్నా ముందు లియెమ్ పెద్దాయనకి చూపించాలంటూ నా బల్ల దగ్గరికి పట్టుకొస్తారు. ఆ గౌరవం నాకు కాస్త తలకెక్కిన మాట నిజమే.

పాత వాచీల వాళ్ళలో అన్నిటికంటే పెద్ద తిట్టు, "డయల్‌కి రంగు మార్చారు" అనడం. మా ఊరి ఉక్కకీ చెమటకీ ఎంత మంచి వాచీకైనా ముఖం మీద మచ్చలు పడతాయి. పాతరంగు తుడిచి, మళ్ళీ రంగు వేసి, అంకెలు రాసి, కొత్తదానిలా చేసి అమ్మడం ఇక్కడ ఏనాటి నుంచో ఉంది. అలా చేసినట్టు బయటపడితే ధర సగానికి పడిపోతుంది. అందుకని సంతలో ప్రతివాడూ తన వాచీ డయల్ పుట్టినప్పటిదేనని తల్లి మీద ఒట్టు పెడతాడు. అలాంటి చోటికి యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పూల చొక్కా, అదే గుడ్డతో కుట్టిన పైజామా వేసుకుని వచ్చి, "రంగు మార్చిన డయల్ వాచీ ఏదైనా ఉందా నాయనా?" అని ఒక్కొక్క గుడ్డ దగ్గరా ఆగి అడిగింది.

"మా దగ్గర అట్లాంటి పాపిష్టి పనులుండవు పిన్నీ," అన్నాడొకడు. ఇంకొకడు ఆమె ఏ పన్నుల ఆఫీసు నుంచో వచ్చిందనుకుని గుడ్డ మడవడం మొదలుపెట్టాడు.

నేను నా బల్ల దగ్గర నుంచే కేకేశాను. "చెల్లెమ్మా, చేపల బజారుకెళ్ళి కుళ్ళిన చేప ఉందా అనడుగుతారా ఎవరైనా?"

ఆమెకి కోపం రాలేదు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "కుళ్ళిందే కావాలన్నయ్యా. అది మా నాన్న చేసింది," అంది.

ఐసు వేసిన కాఫీ తెప్పించాను. ఆమె గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని చెప్పుకొచ్చింది. వాళ్ళ నాన్న డువొక్ ఈ పేటలోనే ఒక సందులో కూర్చుని నలభై ఏళ్ళు డయళ్ళు గీశాడు. వాచీ దుకాణాల వాళ్ళు మచ్చలు పడ్డవాటిని కవర్లలో పెట్టి పంపేవాళ్ళు, ఆయన కొత్తవి చేసి పంపేవాడు. యుద్ధం అయిపోయాక అచ్చులు, సిరాలు దొరక్క పిల్లి చెవి వెంట్రుకలు మూడు తీసి పుల్లకి కట్టి అంకెలన్నీ చేత్తోనే రాశాడు. ఎన్ని వేలు గీశాడో తెలియదు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ఆయన చెయ్యి పడ్డట్టు ఎవరికీ తెలియకపోతేనే ఆయనకి కూలి.

తల్లి చిన్నప్పుడే పోయింది. దీపం పట్టుకోవడం థోవా పని. తడి డయల్ మీదికి ఊపిరి తగిలితే రంగు చెదిరిపోతుంది కాబట్టి, నాన్న గీస్తున్నంతసేపూ ఊపిరి బిగపట్టుకుని నిలబడేది. తర్వాత ఆయన కళ్ళు పోయాయి. ఆమె బజారు మెట్ల కింద మిషను పెట్టుకుని చొక్కాలకి కాజాలు కుట్టి ఆయన్ని పోషించింది. ఒకసారి సంబంధం వచ్చింది. గుడ్డి ముసలాయన్ని ఇంకెక్కడైనా ఉంచితే బాగుంటుందని పెళ్ళికొడుకు తల్లి అన్నదట. థోవా వాళ్ళు తెచ్చిన తమలపాకుల పళ్ళెం అదే రోజు తిప్పి పంపింది. మళ్ళీ ఎవరూ రాలేదు. ముసలాయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

"ఇంట్లో నాన్న ఫొటో ఉంది. నాన్న చేసింది ఒక్కటీ లేదు," అంది. "వచ్చే తద్దినానికి ఒక్కటైనా ఆయన ముందు పెట్టాలని. నాక్కూడా ఎడమ కంట్లో పొగ మొదలైంది. మీ నాన్నకి వచ్చిందే ఇదీ అన్నాడు డాక్టరు. కుడి కన్ను పనిచేస్తుండగా చూసుకోవాలి."

"ఆయన గీసిందేనని నీకెట్లా తెలుస్తుంది?"

"ఏడు," అంది. డువొక్ ఫ్రెంచివాళ్ళ బడిలో మూడో తరగతి దాకా చదివాడు. అక్కడ ఏడు అంకె రాస్తే నడుము మీద చిన్న అడ్డగీత పెట్టమని బెత్తం పట్టుకుని నేర్పారు. కంపెనీ వాచీల మీద ఏడుకి ఆ గీత ఉండదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ రోజూ వందల అంకెలు రాసే చెయ్యి ఎప్పుడో ఒకసారి అలవాటుకొద్దీ గీసేసేది. కనిపిస్తే తుడిచేవాడు. చూపు తగ్గుతున్న రోజుల్లో కనిపించక కొన్ని బయటికి వెళ్ళిపోయాయి. దుకాణాలవాళ్ళు కొన్నిటిని తిట్టి తిప్పి పంపారు. మిగిలినవి ఎవరి చేతులకో ఉండి ఉండాలి.

నాకు సిగ్గేసింది. అలాంటి ఏడుని నేనూ రెండు మూడుసార్లు చూశాను. మొలతాడు కట్టిన ఏడు అని నవ్వుకుని పక్కన పడేశాం మేమంతా.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వచ్చింది. వాచీ వెనక మూత ఎలా తీస్తారో, కంటికి అద్దం ఎలా బిగించుకోవాలో, చెవి దగ్గర పెట్టుకుని ఏం వినాలో నేర్పాను. కాజాలు కుట్టిన చెయ్యి, త్వరగా పట్టేసింది. ఒకసారి నేను లేనప్పుడు ఆత్రపడి ఒకటి కొనేసింది. తీరా మూత తీసి చూస్తే ఏడు మీద ఉన్నది గీత కాదు, అద్దం కింద ఇరుక్కున్న వెంట్రుక. ఆమె నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ వారం నేను తెప్పించిన నూకల అన్నం ముందు పెట్టినా ముట్టుకోలేదు.

అప్పుడే ఆమెకి నా గొప్ప పాఠం చెప్పాను. "నీకు నచ్చిన వస్తువుని నచ్చినట్టు చూడకూడదు చెల్లెమ్మా. దాన్నే తిట్టాలి. తప్పులు పట్టేవాడే కొనేవాడని మనవాళ్ళు ఊరికే అన్నారా? అది నీకెంత కావాలో వాడికి తెలిసిందా, నీ మిషను కూడా అమ్ముకోవాలి."

ఏడాది తిరగవచ్చింది. తద్దినం పదకొండు రోజుల్లోకి వచ్చిన ఆదివారం, తువాంగ్ గుడ్డ మీద ఆమెకి అది దొరికింది. తువాంగ్ ఆ ఏడాదే మి థొ అనే ఊరి నుంచి వచ్చి సంతలో చేరిన కుర్రవాడు, పెళ్ళాం పిల్లలున్నవాడు, మర్యాదస్తుడు. ఆమె అడిగే డయళ్ళ సంగతి అతనికి తెలియదు. ఆమె వాచీని కుడికంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను వెళ్ళి చూశాను. పన్నెండు అంకెలూ చేత్తో రాసినవే, ఏడు నడుము మీద సన్నని గీత. వెంట్రుక కాదు.

"ఎంత నాయనా?" అని అడిగింది, ఏమీ ఎరగనట్టు.

"నలభై లక్షల డాంగులు పిన్నీ. లోపల మిషను బంగారం." మా డాంగుల్లో అది కాజాలు కుట్టే మనిషికి ఒక నెల సంపాదన.

"మిషను సరే. ఈ ముఖం చూడు. ఎవడో గుడ్డివాడు గీసినట్టుంది."

"పాతది కదా పిన్నీ."

"పాతదైతే? ఏడుకి మొలతాడు కట్టాడు చూడు. వీడికి అంకెలే రావు. ఇట్లాంటి పని చేసి కూలి కూడా పుచ్చుకుని ఉంటాడు సిగ్గులేకుండా." గొంతు వణికింది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు. "ఈ డయల్ చూస్తే అన్నం సయించదు నాకు. ఇరవై లక్షలకైతే ఇవ్వు."

నేను పక్కన నిలబడి, నా శిష్యురాలు ఎంత బాగా ఆడుతోందా అని మురిసిపోయాను. ఇంతకంటే ఏం చెప్పను నా గురించి.

ఇరవై రెండుకి కుదిరింది. ఆమె సగం డబ్బిచ్చి వాచీ కోసం చెయ్యి చాపింది. తువాంగ్ ఇవ్వలేదు. "పట్టీ పుచ్చిపోయింది పిన్నీ, నూనె కూడా వేయించాలి. ఇట్లా ఇస్తే నాకు మర్యాద కాదు. వచ్చే ఆదివారం శుభ్రంగా చేసి ఇస్తాను." ఆమె చెయ్యి గాల్లోనే ఉంది. ఏం చెయ్యమంటావన్నట్టు నా వైపు చూసింది. వదిలెయ్యమని నేను కళ్ళతో సైగ చేశాను. ఇంతసేపు తిట్టినదాన్ని ఇప్పుడు గుండెకి హత్తుకుంటే మాట మార్చేస్తాడని నా భయం. తద్దినానికి ఇంకా నాలుగు రోజులు మిగులుతాయి కదా అని నా లెక్క. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

తర్వాతి ఆదివారం మా కంటే ముందే తువాంగ్ వచ్చి కూర్చున్నాడు. చిన్న డబ్బాలో, దూది మీద పెట్టి తెచ్చాడు. కొత్త తోలు పట్టీ. డబ్బా మూత తీస్తుంటే అతని ముఖం వెలిగిపోతోంది.

"ఆ రోజు మీ గొంతు వణకడం విన్నాను పిన్నీ. బేరానికి తిట్టేవాళ్ళు వేరు, మీరు నిజంగా బాధపడ్డారు. అందుకని డయల్ కొత్తగా వేయించాను. దానికి డబ్బేమీ అక్కర్లేదు."

డయల్ పాల మీగడలా ఉంది. అంకెలు అచ్చు గుద్దినట్టున్నాయి. ఏడు మిగతావాటితో పాటు బుద్ధిగా నిలబడి ఉంది, నడుము మీద ఏమీ లేదు. థోవా దాన్ని కుడికంటి దగ్గరకి తెచ్చుకుంది, దూరంగా పెట్టుకుంది, మళ్ళీ దగ్గరకి తెచ్చుకుంది. ఆమె ఊపిరి తీసుకోవడం లేదని నేను గమనించాను.

"పాత డయల్ ఏది?" అని అడిగాను నేను.

"అదే రేకండీ. పాత రంగు తుడిచేసి దాని మీదే వేశాడు మా బావమరిది. చొలోన్ పేటలో వాడిదే ఈ పని."

నాకు అతన్ని పట్టుకుని తిట్టాలనిపించింది. అతని తప్పు గోరంత కూడా లేదని తెలిసీ అనిపించింది. "ఏం పని చేశావో తెలుసా నువ్వు..." అని మొదలుపెట్టాను.

"ఊరుకో అన్నయ్యా," అంది థోవా మెల్లగా. "బాగాలేదన్నది నేను."

సంచిలోంచి మిగతా డబ్బు తీసి రెండు చేతులతో ఇచ్చింది. చాలా బాగుంది నాయనా, శ్రమపడ్డావు అంది. తువాంగ్ రెండు చేతులతో పుచ్చుకున్నాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆమె వాచీని డబ్బాలో పెట్టి, మూత వెయ్యకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"పాత రంగు సులువుగా వచ్చేసిందా?" అని అడిగింది.

రేకు పాడైందేమోనని ఆమె అనుమానపడుతోందనుకుని అతను గబగబా సమాధానం చెప్పాడు. "రేకుకి ఏం కాలేదు పిన్నీ. కానీ సులువుగా మాత్రం రాలేదంట. మామూలుగా ఒక్కసారి మందు దూదితో తుడిస్తే పోతుందంట. ఇది మూడుసార్లు తుడిస్తే గానీ పోలేదంట. ఎవడు గీశాడో గానీ గట్టివాడు, ఇట్లాంటి చెయ్యి ఇప్పుడెవరికీ లేదు అన్నాడు మా బావమరిది."

థోవా తల వంచి విన్నది.

"ఏమన్నాడో మళ్ళీ ఒకసారి చెప్పు నాయనా," అంది.

అతను మళ్ళీ చెప్పాడు.