సదాశివ తాత తడి రుమాలు

పత్తర్‌గట్టిలో సదాశివ తాత దగ్గర చీర కొనాలంటే ముందు ఆయన తతంగం చూడాలి. గల్లా పక్కన ఇత్తడి గిన్నెలో నీళ్లు, దాని మీద మడిచిన తెల్ల రుమాలు. చీర అంచు తడిపి, రుమాలుతో రుద్ది, దాన్ని ఇటూ అటూ తిప్పి చూపిస్తాడు. రంగు అంటితే, "రెండు ఉతుకులకే వెలిసిపోతది, వద్దమ్మా" అని తనే చీర లాగేసుకుంటాడు. అంటకపోతే మీసం దువ్వి, "జిమ్మా నాది" అంటాడు. పూచీ తనదని. నలభై ఏళ్లుగా అదే గిన్నె, అదే మాట. మీసం మాత్రం అప్పట్లో పుట్టు నలుపు, ఇప్పుడు ఆదివారం ఆదివారం వేసుకునే నలుపు.

మనవరాలు ఆశ్రిత ఇంటర్ మొదటి ఏడు. కాలేజీలో మూడు నెలలైనా పక్క బెంచీకి కూడా ఆ పిల్ల పేరు తెలియదు. ఒక సాయంత్రం దుకాణంలో ఊసుపోక తాత తతంగాన్ని ఫోన్లో తీసి పెట్టింది. రెండు రోజుల్లో నలభై వేల మంది చూశారు. అప్పటినుంచి కాలేజీలో ఆమె 'జిమ్మా తాత మనవరాలు'. జడ వేసుకోవడం మానేసింది. పప్పు వడ్డించమని అడిగేటప్పుడు కూడా ఎడమ చెంపే చూపించడం నేర్చుకుంది.

తాతేం తక్కువ తినలేదు. "గంత మంది చూసిన్రంటివి, ఒక్కరన్న జాకెట్ గుడ్డకు రాలేదేంది" అని గొణుగుతూనే, ఎదురు దుకాణం రామ్‌చందర్‌కు రోజూ రెండుసార్లు ఆ వీడియో చూపించేవాడు.

అంతలో ఒక క్రీము కంపెనీ ఆశ్రితకు గులాబీ రంగు పెట్టె పంపింది. ముఖం తెల్లబడే క్రీమట. లోపల ఆమె పేరు అచ్చువేసిన చీటీ. ఆ చీటీని ఆమె అద్దానికి అంటించుకుంది. తాత డబ్బా పట్టుకుని తన మాట అంటే చాలన్నారు కంపెనీ వాళ్లు. తాత డబ్బాను తిప్పి తిప్పి చూసి, తడిపి చూడని సరుకుకు తను మాటివ్వనని చెప్పి దుకాణానికి వెళ్లిపోయాడు. ఆ పిల్ల బతిమాలింది, అలిగింది, ఒక పూట అన్నం మానేసింది. నాలుగు రోజులకు నవ్వుతూ తిరుగుతుంటే అలక తీరిందనుకున్నాడు తాత. నిజానికి ఆమె, తాత నేత చీర పట్టుకుని "జిమ్మా నాది" అన్న ముక్కను పాత వీడియోలోంచి కత్తిరించి, ఆ గొంతును క్రీము డబ్బా బొమ్మకు అతికించి కొత్త వీడియోగా పెట్టింది.

నెల తిరక్కుండానే జహనుమా నుంచి సుశీలమ్మ వచ్చింది. ఆమె పెళ్లి చీర నుంచి కూతురి పురుటి చీర దాకా అన్నీ ఆ గిన్నెలో తడిసినవే. ఆ రోజు ఆమె కూర్చోలేదు. సంచిలోంచి క్రీము డబ్బా తీసి గిన్నె పక్కన పెట్టింది.

"మా మనవరాలు ఇంద్రజ మొఖం కాలినట్లయింది అన్నా. ఇంకెవరన్న చెప్తే తేకపోదును. ఫోన్ల నీ గొంతు విని నేనే తెచ్చిచ్చిన."

ఆమె వీడియో పెట్టింది. తాత తన గొంతు తనే విన్నాడు. గల్లా వెనక ఆశ్రిత తల దించుకుంది. అది నా పని కాదమ్మా అన్న మాట ఆయన నోటిదాకా వచ్చింది. మనవరాలి వంక ఒకసారి చూసి దాన్ని మింగేశాడు.

"నా గొంతే చెల్లె" అన్నాడు.

ఆమె వెళ్లాక ఆశ్రితను తిట్టలేదు. ఒక్కటే అడిగాడు. "నువ్వు పెట్టుకున్నవా బిడ్డా అది?"

"మూత గూడ తియ్యలే తాతా."

ఆశ్రిత ఏడుస్తూ అప్పటికప్పుడు వీడియో తీసేసింది. కానీ దాన్ని అప్పటికే ఎవరెవరో తమ తమ పేర్ల మీద పెట్టుకున్నారు. కంపెనీ వాళ్లు ఫోన్ ఎత్తలేదు. రెండో గులాబీ పెట్టె మాత్రం పంపారు.

మర్నాడు తాత జహనుమా వెళ్లాడు. ఇంద్రజది తొమ్మిదో తరగతి. రెండు వారాలుగా బడికి పోవడం లేదు. చున్నీ తీస్తే రెండు చెంపలూ ఎర్రగా, పొరలు లేచి ఉన్నాయి. మచ్చలు పోతాయో లేదో చెప్పలేమన్నాడట డాక్టరు. తాత చూపు తిప్పుకుంటే ఆ పిల్లే ఓదార్చింది. ఫోన్ ఎత్తి, ఫిల్టర్ పెట్టి, అందులో తన ముఖం చూపించింది.

"ఇందుల చూడు తాతా, ఏం కనవడది. దోస్తులతోని ఇట్లనే మాట్లాడుతున్న."

తెర మీద చెంపలు నున్నగా ఉన్నాయి. తాత అలవాటుగా జేబులోంచి రుమాలు తీశాడు. రుద్ది చూడడానికి అక్కడేమీ లేదు. కళ్లు తుడుచుకుని వచ్చేశాడు.

సుశీలమ్మ మళ్లీ రాలేదు. దసరాకని ఆమె కోసం తీసిపెట్టిన ఆకుపచ్చ చీర బీరువాలోనే ఉంది. వీధిలో పోయే పోరగాళ్లు ఇప్పటికీ దుకాణం ముందు ఆగి, "జిమ్మా ఎవరిది తాతా" అని అరిచి నవ్వుకుంటూ పోతారు.

మొన్న ఫలక్‌నుమా నుంచి ఒక పెళ్లికూతురి తల్లి వచ్చింది. ఎర్ర చీర నచ్చింది. రంగు పోదు కదా సేటు అని అడిగింది. తాత గిన్నె, రుమాలు ఆమె వైపు జరిపాడు.

"మీరే చూసుకోండ్రమ్మా."

ఆమె అంచు తడిపి రుద్దింది. రుమాలు తెల్లగానే ఉంది. అయినా ఇంకేదో వినాలన్నట్టు తాత ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆశ్రిత కూడా చూసింది. తాత మీసం జోలికి పోలేదు. అది ఈ మధ్య తెల్లగానే ఉంటోంది. తల వంచుకుని చీర మడతపెట్టసాగాడు.