మేడం రెండు వేళ్లు

తాండూరులో నాకు కటింగ్ నేర్పుతానన్న పార్లర్ మేడం రెండు వేళ్లు ఇప్పటికీ నా నడినెత్తి మీదే ఉన్నట్టుంటుంది. ఫీజు కట్టలేనంటే, నడుం దాటిన నా జడను చేత్తో పట్టి చూసి, "పైసలొద్దు తియ్యి. కడ్మ పిల్లలంత నీ తల మీద నేర్చుకుంటరు, నువ్వు చూసి నేర్చుకో" అంది.

ప్రతి సోమవారం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ వేళ్లతో నా తల కిందికి నొక్కేది. లేయర్ కట్‌లో కిటుకంతా పాయను ఎంత ఎత్తుకు లేపి కత్తిరించాలన్నదే. చుట్టూ నిలబడ్డ అమ్మాయిలు అది చూసేవాళ్లు. నాకు నేల మీద పడుతున్న నా వెంట్రుకలే కనిపించేవి. తల ఎత్తబోతే మళ్లీ నొక్కి, "వెంట్రుకలే గదా, మల్ల వస్తయి" అనేది.

ఆరు నెలలకు జుట్టు చెవుల దాకా వచ్చింది. నాకు కత్తెర ఎప్పుడిస్తరు మేడం అని అడిగాను.

"గింత జుట్టుకు లేయర్లేం పడ్తయి? పెరిగినంక రా" అంది.

మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు వికారాబాద్‌లో నాకు చిన్న పార్లర్ ఉంది. పాయను ఎంత ఎత్తుకు లేపాలో నాకెవరూ చూపించలేదు. లాగినప్పుడల్లా నొప్పి పుట్టిన నా మాడుకు తెలుసు. మేడం అన్నట్టే వెంట్రుకలు మళ్లీ వస్తూనే ఉన్నాయి. చెవులు దాటకముందే నేనే కత్తిరించేసుకుంటాను.