పెట్టెకు పొగగొట్టం

మా నాన్న రేకు పనివాడు. ట్రంకు పెట్టెలు, బకెట్లు, గరాటులు, రొట్టెల బట్టీలకు పొగగొట్టాలు, ఇలా నలభై ఏళ్ల పాటు ఆయన చేతుల మీదుగా ఎన్ని పోయాయో లెక్క లేదు. పెరటి షెడ్డులో సుత్తి మోగకపోతే మా ఇంట్లో తెల్లారినట్టే ఉండేది కాదు. ఆయన చేసిన పెట్టె అంచు మీద పసిపిల్ల చెయ్యి పెట్టి లాగినా గీత పడదు. ప్రతి అంచూ లోపలికి మడిచి, ఆకురాయితో రాసి, బొటనవేలితో తడిమి చూసుకుంటేగానీ సరుకు షెడ్డు దాటేది కాదు. అంత చెయ్యి తిరిగిన మనిషి ఒకరోజు షెడ్డుకు తాళం వేసేశాడు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో చప్పుడు పనికిరాదన్నాడు. అప్పటినుంచి తెల్లవారుతూనే ఎవరిదో షెడ్డుకు పనికి వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు.

ఆ జబ్బు మనిషి మా తమ్ముడు. చిన్నప్పుడు వాణ్ణి అందరం రేడియో అనేవాళ్లం. పొద్దున లేచింది మొదలు నోరు మూతపడేది కాదు. "ఒరేయ్, కాసేపు కట్టెయ్యరా, చెవులు చిల్లులు పడుతున్నాయి" అని మా అమ్మ బతికున్నన్నాళ్లూ మొత్తుకునేది. ముప్ఫై నిండకుండానే వాడికి నరాల జబ్బు వచ్చింది. ముందు కాళ్లు పోయాయి, తర్వాత చేతులు, చివరికి మాట. ఎంచి ఎంచి ఆ నోరే ఎందుకు పోవాలో నాకు ఎవరైనా చెప్పండి.

ఇప్పుడు వాడికి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే కదులుతుంది. దాని కింద ఒక మీట పెట్టారు. మంచం పక్కనున్న కంప్యూటరు తెర మీద అక్షరాలు వరుసగా వెలుగుతుంటాయి. కావలసింది వెలిగినప్పుడు వాడు మీట నొక్కుతాడు. ఒక్కో మాటా పూర్తికాగానే కంప్యూటరు దాన్ని పైకి చదువుతుంది.

ఆ కంప్యూటరేమో పాతది. మా ఇంటి కప్పేమో రేకులది. మధ్యాహ్నం అయ్యేసరికి గది పెనంలా కాలేది. అరగంట నడవగానే కంప్యూటరు వేడెక్కి టుక్కుమని ఆగిపోయేది. అది చల్లారి మళ్లీ లేచేదాకా వాడు కళ్లు మాత్రం ఆడిస్తూ పడుండాలి. డబ్బా పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టి చూశాం. దుమ్ము పట్టింది గానీ వేడి తగ్గలేదు. మెకానిక్‌ని అడిగితే "కొత్తది కొనండి" అన్నాడు. కొనగలిగితే నిన్నెందుకు పిలుస్తాం నాయనా?

దాంతో మాకొక పాడు అలవాటైంది. వాడి మాట తెగిపోగానే మిగతా సగం మేమే పూరించేసేవాళ్లం. "అక్కా, కిటికీ" అని ఆగిపోతే నేను లేచి మూసేసేదాన్ని. తెరవమన్నాడేమో ఎవరికి తెలుసు? కుట్టాల్సిన బట్టలు నా పక్కన గుట్టగా ఉండేవి. ఆగి అడిగే తీరిక లేదని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం నాన్న వాడికి చెంచాతో మంచినీళ్లు పడుతున్నాడు. కంప్యూటరు చదివింది.

"నాన్నా. నాకు. ఇంక. బతకాలని."

టుక్. ఆగిపోయింది.

నాన్న చెంచా గ్లాసులో పడేశాడు. లేచి బయటికి వెళ్లిపోయాడు. చీకటి పడ్డాక వచ్చాడు. కంప్యూటరు ఎప్పుడో లేచింది గానీ తమ్ముడు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నాన్న అడగలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత మధ్యాహ్నాలు నాన్న ఆ గదిలో అడుగు పెట్టడమే మానేశాడు.

రెండు నెలలు చూశాను.

"బట్టీలకి అంతంత పొగగొట్టాలు చేసినవాడివి కదా నాన్నా! ఈ డబ్బాకి వేడి పోయే దారి చెయ్యలేవా?"

"కంప్యూటర్ల సంగతి నాకేం తెలుసే" అని నీళ్లు నమిలాడు.

"రేకు సంగతి తెలుసుగా! అదీ రేకు డబ్బానే కదా!"

తల దించుకుని గోడకు చేరబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. "కన్నకొడుకు నోరు రోజూ మూతపడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటావా? అసలు మనిషివేనా నువ్వు?"

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. నాన్న తల ఎత్తలేదు.

"బాగుచేస్తే వాడు ఆ మాట పూర్తి చేస్తాడే. నేను వినలేను."

నేను వెళ్లి కుట్టుపని ముందేసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటరు "అక్కా, నొప్పి" అని ఆగిపోయింది. ఎక్కడరా అంటే ఎలా చెబుతాడు? తలా, మెడా, నడుమా అని ఒక్కొక్కటే అడిగాను. అవునంటే వాడు కళ్లు మూస్తాడు. ఏది అడిగినా మూయలేదు. కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. భుజం కింద దుప్పటి ముడత పడి ఒరుసుకుపోయిందని తెలిసేసరికి పావుగంట పట్టింది. తల తిప్పి చూస్తే నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

తెల్లారి షెడ్డు తాళం తీసిన చప్పుడు వినిపించింది.

మెకానిక్‌ని పిలిపించి డబ్బాలోని సామానంతా విప్పించాడు. "రేకు రవ్వ ఒక్కటి లోపల పడినా కొంప మునుగుతుందన్నావు కదా బాబూ, అన్నీ తీసెయ్." ఖాళీ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గాలి వచ్చే దారి లేదు, పోయే దారి లేదు. పొగగొట్టం లేని బట్టీ! ఏ మహానుభావుడు చేశాడో!" ఆయన నోట వెటకారం విని ఎన్నాళ్లయిందో.

ముందువైపు కింద ఒక గుండ్రం గీశాడు, పైన వెనగ్గా ఒకటి. గీత వెంట చిల్లులు వేసి కత్తెరతో కోశాడు. తర్వాత అంచులు మడవడానికి సుత్తి ఎత్తాడు. రెండేళ్లకు మా పెరట్లో సుత్తి మోగింది. లోపల తమ్ముడు ఉత్త మీటనే టకటకా నొక్కుతున్నాడు. కంప్యూటరు లేదని వాడికి తెలియదా? "అయిపోతుందిలేరా, పడుకో" అని చప్పుడు వినపడకుండా గది తలుపు మూసేశాను.

"లోపలి అంచులు ఎవరికి తగులుతాయి తాతా?" అన్నాడు మెకానిక్.

"వైర్లుంటాయిగా, కోసుకుపోవూ?"

మెకానిక్ తెచ్చిన చిన్న ఫ్యాన్లు రెండు కంతలకూ బిగించారు. అదిరి గోల చేస్తే వాడి మాట వినపడదని నాన్న వాటి కింద సైకిలు ట్యూబు ముక్కలు పెట్టించాడు. దుమ్ము రాకుండా ముందు జాలీ వేశాడు. గుడ్డపేలిక అంటించి దాని పొగ పట్టి చూశాడు. కింద పొగ లోపలికి పోయింది గానీ పైన వెనక్కి తన్నింది. "పైది తిరగేసి బిగించావు బాబూ. అది ఊదకూడదు, లాగాలి." మార్చాక పొగ తిన్నగా పైకి లేచింది.

మర్నాడు పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది, రెండూ దాటింది. కంప్యూటరు ఆగలేదు. నాన్న వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు ఏదో అనబోయావురా. చెప్పు. నేనెక్కడికీ పోను."

వేలు కదలసాగింది. నేను కుట్టు ఆపేశాను.

"నాన్నా. నాకు. ఇంక. బతకాలని."

నాన్న మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

"అనిపించని. రోజు. నీ. సుత్తి. చప్పుడు. వినాలని. ఉంటుంది." వేలు మళ్లీ కదిలింది. "షెడ్డు. ఎందుకు. మూశావు."

"నీకు చప్పుడు పడదనిరా."

"నన్ను. అడిగావా."

"లేదురా, అడగలేదు" అని నాన్న వాడి చేతి మీద మొహం పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన్ని అలా చూడలేదు. బతకాలని లేని రోజులు వాడికి ఉన్నాయి. అది నిజమే. నిన్న నేను మూసిన తలుపు గుర్తొచ్చి నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"అక్కా. తలుపు" అంది కంప్యూటరు. అలవాటుగా సగం లేచి, మళ్లీ కూర్చున్నాను.

"చెప్పరా, ఏం చెయ్యను?"

"తెరిచి. ఉంచు."

బార్లా తెరిచాను. నాన్న కళ్లు తుడుచుకుని షెడ్డులోకి నడిచాడు. చెయ్యాల్సిన పనంటూ ఏమీ లేదక్కడ. కంప్యూటరు డబ్బా నుంచి కోసిన రెండు రేకు బిళ్లలు బల్ల మీద పడున్నాయి. వాటినే సాయంత్రం దాకా కొడుతూ కూర్చున్నాడు.