నాయన రీలుకు నేను పెట్టిన కందెన

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి నుంచి రాగానే నాయన తెల్లచొక్కా విప్పి కొయ్యకు తగిలించి, వసారాలో పాత పేపరు పరిచేవాడు. దాని మీద ఒక సత్తు పళ్లెం, చినిగిన బనీను గుడ్డ, ఒక కోడి ఈక... ఆ తర్వాత ట్రంకు పెట్టెలోంచి రీలు బయటికి వచ్చేది.

సముద్రంలో చేపలు పట్టే గాలానికి దారం చుట్టుకునే రీలు. కడప జిల్లాలో, చెరువులో కూడా నీళ్లు నిలవని మా ఊళ్లో!

నాయన కువైట్‌లో ఒక సేటు దగ్గర ఐదేళ్లు డ్రైవరుగా చేశాడు. శుక్రవారం వస్తే సేటు పడవ మీద వేటకు పోయేవాడట. ఒడ్డుకు వచ్చాక రీళ్లు కడిగి, విప్పి, గ్రీజు పెట్టే పని నాయనది. పడవ ఎక్కించుకున్నది మాత్రం ఒక్కసారీ లేదు... తిరిగి వచ్చేటప్పుడు సేటు ఒక పాత రీలు చేతిలో పెట్టాడు. అప్పటి నుంచీ నాయనకు ఒకటే కోరిక.

"ఒక్క తూరైనా నా చేత్తో దారం ఇసరాల పాపా. నువ్వు పక్కన నిలబడి చూడాల."

ముందు గుడ్డను మంచినీళ్లలో తడిపి రీలంతా తుడవాలి. ఉప్పు ఉంటే లోపలి ఇనుమును తినేస్తుందట. అమ్మకు అక్కడే మండేది.

"అది సముద్రం మొగం చూసి ఎన్నేండ్లాయె! ఇంకా యాడుండాదయ్యా ఉప్పు? బిందెడు నీళ్లకు అంత దూరం పోతాండా నేను!"

"గ్లాసుడే గదమే..." అనేవాడు నాయన, తల ఎత్తకుండా.

విప్పిన మరలన్నీ పళ్లెంలో వరసగా... ఏది ముందు వచ్చిందో అది ఎడమ పక్క. ఇరుసుకు ఒక్క చుక్క నూనె. పళ్ల చక్రాలకు గ్రీజు, అదీ ఈక కొసతో, పెసరగింజంత. "ఎక్కువైతే దుమ్మును పిలుస్తాది" అనేవాడు.

ఎద్దులబండి ఓబన్న పెదనాయన ఆ దారిన పోతూ ఊరికే ఉండేవాడు కాదు. "ఏమప్పా, మన వంకలో సొరచేప పడిందా ఈ తూరి?"

"వంకలో నీళ్లు రానీ అన్నా, నీ బండికే ఎత్తిస్తా!"

సెనక్కాయలు చేతికొస్తే నెల్లూరు దిక్కు సముద్రానికి పోదామని ప్రతి ఏడూ అనుకునేవాళ్లం. ప్రతి ఏడూ వాన ఎగ్గొట్టేది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మాత్రం పంట పండింది. సోమవారం పొద్దున బస్సుకు పోవడం ఖాయమైంది.

శనివారం నాయన రీలు విప్పాడు. కువైట్ నుంచి తెచ్చిన గ్రీజు ట్యూబు, ఏళ్ల తరబడి కింది నుంచి చుట్టుకుంటూ వచ్చినది, ఆ రోజుతో పూర్తిగా అయిపోయింది. బ్లేడుతో చీల్చి గీకినా ఏమీ రాలేదు. విప్పిన రీలు అట్లాగే గుడ్డ కప్పి, గ్రీజు కోసం కడపకు పోయాడు.

నాకు ఆగబుద్ధి కాలేదు. ఓబన్న పెదనాయన బండి కింద కొబ్బరి చిప్పలో కందెన వేలాడుతూ ఉండేది... ఆముదంలో కాల్చిన గడ్డి బూడిద కలిపి బండి ఇరుసుకు పూసేది. అంత పెద్ద చక్రమే తిరుగుతోంది కదా అనుకున్నాను. రీలు చక్రాల పళ్లకు నిండా పూసి, వరస తప్పకుండా మరలు బిగించి, పైన శుభ్రంగా తుడిచి పెట్టాను.

ఏ అంగట్లోనూ ఆ గ్రీజు దొరక్క నాయన ఉత్త చేతులతో వచ్చాడు. బిగించిన రీలు చూసి ఆగిపోయాడు.

"నువ్వే బిగించినావా? ఒక్క మర కూడా మిగల్లేదే! సరే, పాత గ్రీజే ఈ తూరికి సరిపోతాదిలే."

అప్పుడు చెప్పాల్సింది. ఆ మెప్పు ముందు నోరు రాలేదు... సముద్రం దగ్గర చెబుదాంలే అనుకున్నాను.

సోమవారం పొద్దున, చలిలో, సంచి సర్దుతూ నాయన పిడి తిప్పాడు. కదల్లేదు. గట్టిగా తిప్పాడు. లోపల ఎక్కడో 'టక్' మంది.

విప్పితే అంతా నల్లగా గడ్డకట్టిన ముద్ద. దాంట్లో విరిగిన పన్ను ఒకటి. నాయన వేలికి అంటుకున్నది వాసన చూసి నా వైపు చూశాడు.

"కందెనా?"

తల ఊపాను.

"ఎద్దులబండి అనుకున్న్యావేమే!" అని అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. నాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇడువు. నాకు సాయం చేస్తాననుకునింది." రోడ్డు మీద బస్సు హారను కొట్టింది, మళ్లీ కొట్టింది... పోయింది.

"ఉత్త చేతులతో పోయి ఏం చేస్తాంలే పాపా. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు వాన లేదు. ఆ పై ఏడూ లేదు. ఆదివారం తెల్లచొక్కా కొయ్యకు ఎక్కేది, పేపరు మాత్రం మళ్లీ పరవలేదు. ఆ మాట నాయన ఎన్నడూ ఎత్తలేదు... తిట్టి ఉంటే బాగుండేది.

ఒక్కోసారి అనుమానం వస్తుంది. నిజంగా నా వల్లే ఆగిపోయిందా? తీరా పోయి, దారం విసరడం చేతకాక నా ముందు చిన్నబోతానని నాయనే వెనకాడాడేమో? రీలు బాగుంటే మాత్రం పోయి ఉండేవాళ్లమా? తెలియదు. నా తప్పు కొంచెం తేలిక చేసుకోవడానికి ఇట్లా అనుకుంటున్నానేమో, అదీ తెలియదు.

యూనివర్సిటీ రోజుల్లో స్నేహితులతో పోయి సముద్రం చూశాను. అందరూ నీళ్లలోకి పరుగెత్తారు. నేను ఇసుకలోనే కూర్చున్నాను.

నాయన పోయి ఆరేళ్లు. ఈ మధ్య ఫోనులో ఎవరో ఇట్లాంటి రీలు విప్పి గ్రీజు పెడుతుంటే చూసి నేనూ ఆ గ్రీజు తెప్పించుకున్నాను. రెండు రోజుల్లో ట్యూబు గడపలోకి వచ్చింది! మొన్న ఆదివారం పేపరు పరిచి, నాయన రీలు విప్పి, లక్కలా ఎండిపోయిన ఆముదమంతా గీకి, ఈక కొసతో పెసరగింజంత పెట్టాను. పిడి సగం చుట్టు తిరిగి, ఆ పన్ను లేని చోట 'టక్' మని ఆగింది. ఆ చక్రం ఇప్పుడు ఎవరూ చేయడం లేదట.

గ్రీజు ఉంది. కొళాయిలో మంచినీళ్లు వస్తున్నాయి. సముద్రానికి కారులో ఒక్క పూట. ఆ దారం విసరాల్సిన చెయ్యే లేదు...

రాని రోజు కోసం తుడిచి తుడిచి పెట్టిన వస్తువు మీ ఇంట్లో కూడా ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి... అది ఇంకా తిరుగుతోందా?