అమ్మ కుడికన్ను

చాలా రోజులకు ఏసీ వేసినప్పుడు వచ్చే తడిదుమ్ము వాసనకి నా మనసు ఇప్పటికీ షార్జాలోని మా ఒంటిగది ఫ్లాటుకి పోతుంది. రెండువేల మూడో, నాలుగో. నన్నింకా బడిలో వేయలేదు. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నెలలో సగం రాత్రి డ్యూటీలే. నాన్న ఉమ్ అల్ క్వైన్‌లో ఫ్యాక్టరీ పని, అక్కడే ఉండి, శుక్రవారం సెలవు కాబట్టి గురువారం సాయంత్రం వేడివేడి ఖుబ్జ్ రొట్టెల పొట్లంతో వచ్చేవాడు. డ్యూటీ రాత్రుళ్ళు నేను పక్కింటి వరంగల్ ఆంటీ దగ్గర పడుకుని, పొద్దున్నే అమ్మ రాగానే మందుల వాసన కొట్టే ఆ తెల్ల యూనిఫామ్‌ని చుట్టేసుకునేదాన్ని.

ఆ ఎండాకాలం అమ్మ కుడికనురెప్ప అదరడం మొదలుపెట్టింది. ఒళ్ళో కూర్చుని దానిమీద వేలు పెడితే లోపల చేపపిల్ల కొట్టుకుంటున్నట్టు ఉండేది.

"ఆడోళ్ళకు కుడికన్ను అదుర్తే మంచిది కాదంటరు వదినా, జర పైలం," అంది ఆంటీ.

"నిద్ర చాలకపోతే ఏ కన్నైనా అదురుద్దండీ. పైగా ఈ టీలు, ఈ ఏసీ గాలికి కళ్ళెండిపోవడం," అని నవ్వేసి అమ్మ పాలు లేని సులేమానీ టీ ఇంకోటి కలుపుకుంది. చెప్పేవి శ్రీరంగనీతులు! అయినా కథ చెప్పమని, కజ్జికాయ పెట్టమని పగలంతా నేను పీకుతుంటే ఆవిడకి నిద్రెక్కడిది?

ఓ గురువారం భోజనాల దగ్గర నాన్న మెల్లగా అన్నాడు. "పిల్లని కాకినాడలో మీ అమ్మ దగ్గరుంచుదామా? నువ్వు కాస్త పడుకుంటావు."

అమ్మ నా కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది. నేను ముద్ద కంచంలోనే వదిలేశాను.

ఆ రెప్ప ఆగితే నన్ను పంపరని నా లెక్క. మర్నాటి నుంచి అమ్మ నడుం వాల్చగానే పరదా లాగి, టీవీ జోలికి పోకుండా, వంటగదిలో బియ్యం డబ్బా వెనక ఖర్జూరం గింజ చప్పరిస్తూ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు ఆ నిశ్శబ్దానికే అమ్మ దిగ్గున లేచింది. "బుజ్జీ! బుజ్జీ!" అంటూ బాత్రూమ్ చూసి, తలుపు గడియ చూసి, చివరికి నన్ను దొరకబుచ్చుకుంది.

"పలకలేదేమే?"

"నీ కన్ను అదరకూడదని."

నన్ను హత్తుకుని అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ వారం నాన్న టికెట్టు మాటెత్తాడు. "వద్దండీ," అంది అమ్మ. "కన్ను అదిరితే అదురుద్ది. పిల్ల ఇక్కడ లేకపోతే నాకసలు కన్నే మూతపడదు."

ఇక ప్రతి మధ్యాహ్నం నా గౌను అంచు గుప్పిట్లో పట్టుకుని పడుకునేది. కదలడానికి లేక నేనూ నిద్రపోయేదాన్ని. ఆ అదురు ఎప్పుడాగిందో ఎవరం గమనించలేదు.

ఆ బిల్డింగు పడగొట్టారట. ఆంటీవాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. ఉద్యోగం మానేసిన అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిని, తన గది తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్కతే హాయిగా నిద్రపోతుంది. సంతోషమే. కానీ మూసిన ఆ తలుపు ముందు నిలబడితే నాకు కాస్త ఏడుపొస్తుంది.