సగం చాప

తిరుత్తణిలో మా చర్చికి ఒక అక్క అత్తిమంజేరిపేట నుంచి చాప చుట్టుకుని వచ్చేది. ఆడవాళ్ల వైపు పరిచి, ఒక సగంలో తను కూర్చుని, రెండో సగం ఖాళీగా ఉంచేది. అది భర్తకు. ఆయన ఆమెను బండి మీద దించి, ఏళ్ల తరబడి గేటు బయటే నిలబడేవాడు. చోటు చాలక నేను ఆ సగంలో కూర్చోబోతే, కొంగుతో దుమ్ము దులుపుతూ, "ఇంకొంచేపు చూద్దాం పాపా, వస్తాడేమో" అనేది. నాకు ఒళ్లు మండేది.

ఆశ ఆలస్యమైతే గుండె నలుగుతుందనీ, కోరింది చేతికందితే అదే జీవమిచ్చే చెట్టనీ అయ్యగారు ప్రసంగంలో చెప్పినప్పుడల్లా గట్టిగా తల ఊపేది.

ఒక ఆదివారం అక్క భర్త నిజంగానే చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నేరుగా వెళ్లి మగవాళ్ల వైపు కూర్చున్నాడు. మరెక్కడ కూర్చుంటాడు? మా చర్చిలో మొగుడూ పెళ్లాలు పక్కపక్కన కూర్చోరు. ఇన్నేళ్లూ ఆ సంగతి ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. అక్క ఏడ్చింది. సంతోషమే అనుకున్నాను.

మరుసటి ఆదివారం కూడా సగం చాప ఖాళీగానే ఉంది.

"ఆయన వచ్చేసినాడు గదక్కా, ఇంక ఎవురికి ఈ చోటు?" అన్నాను.

"అదే తెలీలేదు పాపా. దేవుడు అడిగింది ఇచ్చినాడు. నేను అడిగింది ఇదేనా అని ఉండాది."

సరేలే అని చాప అంచున కూర్చోబోయాను. అక్క మగవాళ్ల వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని పాడుతున్నాడు. ఆమె కొంగు తీసి, దుమ్మే లేని చాపను మళ్లీ దులిపింది.

"ఇంకొంచేపు చూద్దాం పాపా" అంది.