డీజిల్ ట్యాంకులో దొరికిన చేతిరుమాలు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. మొదలుపెట్టే ముందు, రెండో వరుసలో గోడ పక్కన కూర్చున్న మా బావమరిది దావీదును ఒకసారి చూడండి, ఎడమ కణత మీద నుంచి జుట్టులోకి పోయిన ఆ కుట్ల మచ్చ చూడండి. ఆ మచ్చ పెట్టింది నేను. కర్రతో కొట్టలేదు, రాయి విసరలేదు, అయినా పెట్టింది నేనే. ఆ రోజు తలుచుకుంటే ఇలా కూడా జరుగుతుందా అని నాకే నమ్మబుద్ధి కాదు, కానీ జరిగింది, దేవునికే మహిమ!

నా పేరు ఏసోబు. మాది దర్శి దగ్గర పల్లెటూరు. మిరప తోటలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేయడం నా పని. గట్టు మీద నిలబడి ఇంజను చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవాణ్ణి, ఆ గర్వం నాకు నెత్తికెక్కింది కూడా. పొలాలకు కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని తగ్గిపోయింది, నా భార్య సుగుణ పుట్టిల్లు కొత్తపట్నం పక్కన సముద్రపు ఒడ్డున ఉంటే కుటుంబంతో అక్కడికి వెళ్లి పడవ ఇంజన్లు పట్టుకున్నాను. దావీదు సుగుణకు తమ్ముడు. అతని ఫైబరు పడవ మీద ఇంజను చూసుకునే పని నాది, వలలు లాగడానికి అతనూ, పోలయ్య మామ అని ఒక పెద్దాయనా, మొత్తం ముగ్గురం.

ఇక తాగుడు సంగతి. ఎందుకు మొదలైందని అడిగితే చెప్పలేను, నాకు ఏ కష్టమూ లేదు. ముందు సాయంత్రం తాగేవాణ్ణి, తర్వాత మధ్యాహ్నం, ఆ తర్వాత పొద్దున పళ్లు తోముకోకముందే. సుగుణ ఏడ్చింది, బతిమాలింది, చివరికి నోరు మూసుకుని ప్రార్థన పట్టింది. పాస్టరుగారు శుక్రవారం ఉపవాస కూడికలో చేతిరుమాళ్ల మీద చేతులుంచి ప్రార్థన చేసి ఇస్తారని, తాగేవాళ్ల భార్యలు వాటిని తీసుకెళ్లి భర్తల దిండు కింద పెడతారని మీకు తెలుసు, ఇక్కడ కూర్చున్న అక్కలు కొందరు నవ్వుతున్నారంటే మీ ఇళ్లలోనూ ఉన్నాయన్నమాట! సుగుణ కూడా ఒక తెల్ల చేతిరుమాలు తెచ్చి, మూలన ఎర్ర దారంతో చిన్న సిలువ కుట్టి, ప్రార్థన చేయించి నా దిండు కింద పెట్టింది.

ఆ రుమాలు నాలుగు రోజులకే మాయమైంది. పాపం ఆమె పరుపు విప్పి వెతికింది, పెట్టె వెతికింది, బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూసింది. నన్ను అడిగితే నాకేం తెలుసని అరిచాను, నిజంగానే నాకేమీ గుర్తు లేదు. దేవుని వస్తువు తన అజాగ్రత్త వల్లే పోయిందని, అందుకే నా తాగుడు తగ్గడం లేదని ఆమె మనసులో పెట్టుకుని ఆ మర్నాటి నుంచి పొద్దున పూట తినడం మానేసింది. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు, ఒక మనిషి ఎదురుగా చిక్కిపోతుంటే సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్న మొగుణ్ణి నేను.

ఇలా నెల గడిచింది. ఆ రోజు పొద్దు బాగా ఎక్కాక చేపలతో తిరిగి వస్తున్నాం. ఏరు సముద్రంలో కలిసే చోటు, మేము మొగ అంటాం, అక్కడ ఇసుక మేటలు ఇవాళ ఉన్నచోట రేపు ఉండవు, అందుకని దావీదు ముందు నిలబడి గెడ వేసి లోతు చూస్తూ చెబుతుంటే వెనక నేను తిప్పాలి. సహోదరులారా, అప్పటికే నేను సగం సీసా తాగి ఉన్నాను. దావీదు ఎడమకి తిప్పమని అరిచాడు, నాకు వినబడింది, అర్థమయింది, చెయ్యి మాత్రం కదలలేదు. పడవ ఇసుకలోకి దూసుకుపోయి దబ్బున ఆగింది, ఇంజను ఆగింది, దావీదు ఎగిరి లంగరు ఇనుము మీద పడ్డాడు. పోలయ్య మామ వెళ్లి లేపితే మొహమంతా రక్తం, పిలిస్తే పలకడు, ఊపిరి మాత్రం ఉంది!

ఒక పెద్ద అల వచ్చి పడవను మేట మీద నుంచి లేపింది, హమ్మయ్య అనుకునే లోపే, పోటు తగ్గి నీరు లోపలికి లాగే సమయం కదా, పడవ ఒడ్డు వైపు కాకుండా సముద్రంలోకి కొట్టుకుపోవడం మొదలెట్టింది. దావీదు ఫోను నీళ్లలో పడింది, నాది చార్జింగ్ లేక ఎప్పుడో ఆగిపోయింది, మామకు ఫోనే లేదు. ఊళ్లో ఇళ్లు కనబడుతున్నాయి, ఈది వెళదామంటే మనిషిని మోసుకుని ఎలా ఈదగలం?

తాగిన మత్తంతా దిగిపోయింది. వెనక షాఫ్టు ఎత్తి, నీళ్లలో తిరిగి పడవను తోసే ఫ్యానుకు వల చుట్టుకుందేమో చూశాను, లేదు, చేత్తో తిప్పితే సులువుగా తిరిగింది. ఇంజనును చల్లబరిచే నీటి గొట్టంలో ఇసుక నిండి ఉంది, నోటితో ఊది శుభ్రం చేశాను. స్టార్టు చేస్తే ఒక్క దెబ్బకు అందుకుంది, ప్రాణం లేచొచ్చింది, కాస్త దూరం వెళ్లామో లేదో దగ్గి దగ్గి ఆగిపోయింది. డీజిలు పైపులో గాలి పట్టిందనుకుని ఫిల్టరు దగ్గర బోల్టు వదులు చేసి చూస్తే డీజిలు చక్కగా వస్తోంది. మళ్లీ స్టార్టు, మళ్లీ కాస్త దూరం, మళ్లీ ఆగింది. ఫిల్టరు మార్చాను. అదే తంతు. నడుస్తుంది, ఆగుతుంది, కాసేపు ఊరుకుంటే మళ్లీ నడుస్తుంది, మేము ముందుకు వెళ్లినంతా నీరు వెనక్కి లాగేస్తోంది.

దావీదు తలకు తుండు అదిమి పట్టుకుని కూర్చున్న పోలయ్య మామ, ఇంజను పని ఏమీ తెలియని మనిషి, అప్పుడన్నాడు.

"ఒరేయ్ ఏసోబూ, దానికి చమురు అందట్లేదురా. ట్యాంకీలో చెయ్యి పెట్టి చూడు."

"రెండు నెలల కిందటే ట్యాంకు నేనే కడిగాను మామా, నువ్వు నాకు చెప్పొద్దు" అన్నాను. అంత ప్రమాదంలోనూ నా పొగరు చూడండి! ఇదే జబ్బుతో వచ్చిన ఇంజన్లు దర్శిలో ఎన్ని చూశాను, ట్యాంకులో గుడ్డపీలిక ఉంటే ఇంజను పీల్చినప్పుడు వెళ్లి డీజిలు బయటికి పోయే కన్నానికి అతుక్కుంటుంది, ఇంజను ఆగితే ఊడి తేలుతుంది, ఇంకొకరి ఇంజనైతే అరనిమిషంలో చెప్పేవాణ్ణి. నాది కాబట్టి మూత తీయలేదు. దావీదు గొంతులో ఒక రకమైన గురక మొదలయ్యాక తీశాను.

చెయ్యి భుజం దాకా పెట్టాను. మెత్తగా ఏదో తగిలింది. లాగితే గోధుమరంగుకు తిరిగిన గుడ్డ, పిండి విప్పాను, మూలన ఎర్ర దారంతో కుట్టిన సిలువ.

సహోదరులారా, మరిచిపోయిన ఆ సాయంత్రమంతా ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చింది. తాగి పడుకుని లేచి దిండు కింద ఈ రుమాలు చూడటం, జేబులో కుక్కుకుని ఒడ్డుకు వెళ్లడం, మర్నాటి వేటకు డీజిలు పోస్తూ "మా ఆవిడ దేవుణ్ణే నడపమను ఇంజను" అని నాలో నేనే నవ్వుకుంటూ దాన్ని ట్యాంకులో వేసి మూత బిగించడం. నా నవ్వు నాకే వినబడింది. నెల రోజులు అది ట్యాంకు మూలన నానుతూ పడి ఉంది, పడవ గుద్దుకున్న అదురుకు కదిలింది.

ఎవడు పెట్టాడురా ఇది అని మామ అడిగాడు. నేనే మామా అన్నాను. ఆయన నా వైపు చూసి తల తిప్పుకున్నాడు, ఆ చూపు చాలు నాకు. నేను పడవలో మోకాళ్ల మీద పడి, పెద్ద మాటలేవీ రాక, "ప్రభువా, ఎగతాళి చేసింది నేను, వాణ్ణి తీసుకోవద్దు, వాడికి ఇద్దరు ఆడపిల్లలు, నన్నేం చేసినా సరే వాణ్ణి ఒడ్డుకు చేర్చు" అన్నాను. మిగిలిన సీసా సముద్రంలోకి విసిరేశాను. రుమాలు కూడా విసరబోయాను, చెయ్యి రాలేదు. మూత బిగించి స్టార్టు చేస్తే ఇంజను అందుకుంది, ఒడ్డు చేరేదాకా ఒక్కసారి కూడా దగ్గలేదు, దేవునికే స్తోత్రం!

ఒంగోలు ఆసుపత్రిలో కుట్లు వేశారు. మర్నాడు తెల్లవారాక దావీదు కళ్లు తెరిచి, వల జాగ్రత్తగా తెచ్చారా బావా అని అడిగాడు, నాకు ఏడుపు ఆగలేదు, వాడి మంచం పట్టుకుని ఉన్నదంతా చెప్పేశాను. వాడు, ముందు అక్కకు చెప్పు అన్నాడు.

వరండాలో సుగుణ ముందు ఆ రుమాలు పెట్టి చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, తమ్ముడి తల పగలగొట్టినవాడితో కాపురం చేయనంటుందనుకున్నాను. ఆమె గుడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని, సిలువ మీద వేలు పెట్టి చూసి, నేల మీద కూలబడింది.

"అయితే నేను పోగొట్టలేదా?" అంది.

అంతే అంది. నెల రోజులు నా పాపాన్ని తన పాపమనుకుని మోసిన మనిషి అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది, ఆ పడవలో తగిలిన దెబ్బ కంటే పెద్ద దెబ్బ అక్కడ తగిలింది నాకు! కాసేపటికి ఆకలేస్తోందంది. క్యాంటీనుకు పరిగెత్తి ఇడ్లీ తెచ్చాను, నెల తర్వాత మొదటిసారి పొద్దున పూట ఆమె తినడం చూశాను.

ఆ రోజుతోనే తాగుడు పూర్తిగా పోయిందని చెబితే మీరు చప్పట్లు కొడతారు, కానీ అది అబద్ధం. చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, రెండుసార్లు దుకాణం ముందు దాకా వెళ్లి నిలబడ్డాను. రెండుసార్లూ సుగుణ అడిగిన ఆ మాట వినబడి వెనక్కి వచ్చాను. కొందరు ఆ రుమాలులో గొప్ప శక్తి ఉందంటున్నారు, ముట్టుకుంటామని ఇంటికి వస్తున్నారు. అయ్యా, ఆ గుడ్డ ఇంజనును ఆపింది, అంతకు మించి ఏమీ చేయలేదు. నన్ను ఆపింది దేవుడు. సుగుణ దాన్ని ఎన్నిసార్లు ఉతికినా డీజిలు వాసన పోలేదు, పోనక్కర్లేదని తలుపు పక్కన మేకుకు తగిలించింది, నేను పనికి వెళ్లేటప్పుడు ఆ వాసన ముక్కుకు తగులుతుంది.

నా ప్రియులారా, ఇల్లు సరిగా నడవడం లేదని, మనసు నడిచి నడిచి ఆగిపోతోందని మీలో ఎవరైనా కూర్చుని ఉంటే, అన్నీ విప్పి చూసి ఆ ఒక్క మూత మాత్రం తీయకుండా ఉన్నారేమో ఆలోచించండి. మీ చేత్తో మీరే వేసి మరిచిపోయింది లోపల ఉందేమో. ఆయన్ని నమ్ముకుని ఈ రోజే చెయ్యి పెట్టండి, భయమేస్తుంది, నాకూ వేసింది, కానీ ఆయన నన్ను ముంచలేదు, ఒడ్డుకు చేర్చాడు. దావీదును బతికించిన దేవునికి స్తోత్రం. ఇప్పుడు సుగుణ ఒకసారి లేచి నిలబడితే, ఇంతమంది ముందు ఆమెకు ఒక జవాబు చెప్పాలి: నువ్వు పోగొట్టలేదమ్మా, పోగొట్టింది నేను, దొరికేలా చేసింది ఆయన.